ఇన్వర్టర్ సర్జ్‌ను తట్టుకునే లిథియం బ్యాటరీ ఏది? 12, 24, 48 వోల్టుల మధ్య ఒక పోలిక

ఒంగోలులోని మా బాబాయి గారి ఇంట్లో 12 వోల్టుల 1,100 వీఏ ఇన్వర్టర్ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. దానికి జతగా ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే నిల్వ కొలత) ట్యూబులర్ బ్యాటరీ పూర్తిగా నీరసించిపోవడంతో, డిస్టిల్డ్ వాటర్ పోసే బాధ తప్పుతుందని, ఛార్జింగ్ కూడా త్వరగా ఎక్కుతుందని, ఈసారి 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ తెచ్చి పెట్టించారు. వారం తిరగకముందే, కరెంటు లేని ఒక మధ్యాహ్నం పిన్ని మిక్సీలో పచ్చడి రుబ్బుతుండగా ఫ్రిజ్ కంప్రెసర్ అందుకుంది, మరుక్షణం ఇల్లంతా ఆగిపోయింది. ఓవర్‌లోడ్ అని ఇన్వర్టర్ అరవలేదు. దాని మీది చిన్న దీపాలు కూడా ఆరిపోయి, అసలు బ్యాటరీయే తగిలించనట్లు ఉండిపోయింది. "ఇంత డబ్బు పోసి కొన్నది, పచ్చడి రుబ్బితే ఆగిపోవడమేమిట్రా?" అని బాబాయి ఫోనులో అడిగారు. అమ్మిన దుకాణం వారు బ్యాటరీలో లోపం లేదన్నారు, చూడడానికి వచ్చిన టెక్నీషియన్ ఇన్వర్టర్‌లో లోపం లేదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. లోపం ఆ రెండింటి జోడీలో ఉంది.

అదే మిక్సీని, అదే ఫ్రిజ్‌ను పాత బ్యాటరీ అన్నేళ్లు ఎలా మోసిందన్నది ముందుగా తేల్చుకోవలసిన సంగతి. ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీకి కాపలాదారు ఎవరూ లేరు. మోటారు మొదలయ్యే క్షణంలో ఒక్కసారిగా 180 ఆంపియర్లు లాగితే (సర్జ్ అంటే ఈ కుదుపే) దాని వోల్టేజి గబుక్కున కుంగుతుంది, ఫ్యాన్లు ఒక్క క్షణం తడబడతాయి, అర సెకను గడిచాక అంతా మళ్లీ సర్దుకుంటుంది. ఆ కుంగుబాటు వల్ల బ్యాటరీ ఆయుష్షు కొంత తరిగినా పని మాత్రం ఆగదు. లిథియం బ్యాటరీలో సంగతి వేరు. ఇళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌కు అంతర్గత నిరోధం చాలా తక్కువ; 100 ఏహెచ్ ప్రిస్మాటిక్ సెల్‌లో అది ఒక మిల్లీఓమ్ కూడా ఉండదు. అంటే సెల్స్ బలహీనమైనవి కావు, నిజానికి ట్యూబులర్ కంటే గట్టివి. అయితే ఆ సెల్స్‌కూ బయటి టెర్మినల్‌కూ మధ్య బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అనే ఎలక్ట్రానిక్ ద్వారం ఉంటుంది, దాని గుండా ఎంత కరెంటు, ఎంతసేపు వెళ్లవచ్చునో తయారీదారు ముందే నిర్ణయించి పెడతాడు. హద్దు దాటితే ఆ ద్వారం కుంగదు, మూసుకుంటుంది. కాబట్టి లిథియం బ్యాటరీ కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఏహెచ్ కన్నా, డేటాషీటులో చిన్న అక్షరాలతో ఉండే ఆంపియర్ల హద్దును, దాని పక్కన ఉండే సెకన్ల లెక్కను ముందుగా చూడాలని నేను అంటాను.

బీఎంఎస్‌లోని మూడు గడపలు

బీఎంఎస్‌లో కరెంటుకు సాధారణంగా మూడు గడపలు ఉంటాయి. మొదటిది నిరంతర డిశ్చార్జ్ హద్దు. 100 ఆంపియర్లు అని రాసి ఉంటే గంటల తరబడి ఆ మేరకు ఇవ్వగలదని అర్థం, దానిని కొద్దిగా దాటితే కొన్ని సెకన్లు ఓపిక పట్టి ఆ తరువాత ఆపుతుంది. రెండవది పీక్ హద్దు; 200 ఆంపియర్లు 3 సెకన్లపాటు అనో, 150 ఆంపియర్లు 5 సెకన్లపాటు అనో రాస్తారు, దీనిని దాటితే ఓపిక సెకన్లలో కాక మిల్లీసెకన్లలోకి పడిపోతుంది. మూడవది షార్ట్ సర్క్యూట్ హద్దు. అక్కడ నిర్ణయం కొన్ని వందల మైక్రోసెకన్లలో జరిగిపోతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ సర్జ్ సుమారు పావు సెకను నుంచి అర సెకను వరకు, నీళ్ల మోటారు సర్జ్ దాదాపు సెకను వరకు సాగుతుంది గనుక మనకు అసలైన పరీక్ష రెండవ గడప దగ్గర. డేటాషీటులో పీక్ కరెంటు ఇచ్చి, అది ఎంతసేపు అన్నది రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. నిరంతర హద్దు ఒక్కటే ఇచ్చి పీక్ మాట ఎత్తకపోతే, అసలు పీక్ లేదన్నట్లే లెక్క వేసుకోవడం క్షేమం.

ఇంకొక చిక్కు ఉంది, దీన్ని చాలామంది డీలర్లు కూడా పట్టించుకోరు. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి కరెంటును నదిలా సమంగా తీసుకోదు. 50 హెర్ట్జ్ ఏసీ తయారుచేస్తుంది కనుక డీసీ వైపు సెకనుకు 100 సార్లు పొంగుతూ తగ్గుతూ లాగుతుంది. లోపలి కెపాసిటర్లు ఈ పొంగును కొంత అణచకపోతే, గరిష్ఠ విలువ సగటుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. మీటరు సగటును చూపించి 90 ఆంపియర్లు అంటుండగా బీఎంఎస్ మాత్రం అంతకన్నా ఎత్తైన శిఖరాలను చూస్తూ ఉండవచ్చు. అందుకే లెక్కలో వచ్చిన అంకెకు కనీసం పాతిక శాతం చేర్చి కొనాలని నా సలహా.

కెపాసిటర్లే సర్జ్‌ను మోయలేవా అని ఎవరైనా అడగవచ్చు. 51 వోల్టుల వద్ద 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఉండే శక్తి మొత్తం 13 జౌల్స్. ఆరు కిలోవాట్ల సర్జ్ దానిని రెండు మిల్లీసెకన్లలో పీల్చేస్తుంది. ఆ తరువాత అర సెకను భారమంతా బ్యాటరీదే.

మన ఇంటి సర్జ్ ఎంత

ఇండక్షన్ మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు, నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. సాధారణ ఫ్రిజ్ కంప్రెసర్, సంపు మోటారు, బోరు మోటారు, పాత రకం ఏసీ ఈ కోవలోకి వస్తాయి. మిక్సీలో ఉండేది బ్రష్షులున్న యూనివర్సల్ మోటారు. దాని కుదుపు రెండు మూడు రెట్లే, అదీ లిప్తపాటు మాత్రమే. ఇన్వర్టర్ ఏసీ, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్, బీఎల్‌డీసీ ఫ్యాను మెల్లగా వేగం పుంజుకునేవి గనుక వాటి సర్జ్ గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. ఐరన్ బాక్స్, గీజర్ వంటివి వాట్లు ఎక్కువ తీసుకున్నా చెప్పుకోదగిన సర్జ్ ఇవ్వవు. వాటిని ఇన్వర్టర్ మీద పెట్టడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ.

ఒక మధ్యతరగతి ఇంటిని తీసుకుందాం. నాలుగు ఫ్యాన్లకు 300 వాట్లు, లైట్లకు, టీవీకి కలిపి 70 వాట్లు, నడుస్తున్న ఫ్రిజ్‌కు 130 వాట్లు, మొత్తం 500. మిక్సీ మీద 750 వాట్లు అని రాసి ఉన్నా పచ్చడి రుబ్బేటప్పుడు అది 450 లాగుతోందనుకుంటే 950 అవుతుంది. ఆ సమయంలో ఫ్రిజ్ కొత్తగా అందుకుంటే, దాని 130 స్థానంలో అర సెకనుపాటు 1,000 వాట్లు వచ్చి మొత్తం 1,820కి చేరుతుంది.

నీళ్ల మోటారు విషయానికి వస్తే వీఏ, వాట్ల మధ్య తేడాను గమనించక తప్పదు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో 34 ఆంపియర్లు లాగిందనుకుంటే 230 వోల్టుల వద్ద అది 7.8 కేవీఏ. కానీ ఆ క్షణంలో పవర్ ఫ్యాక్టర్, అంటే వీఏలో అసలు వాట్ల వాటా, తక్కువ; దానిని 0.6గా తీసుకుంటే అసలు వాట్లు 4,700 ప్రాంతంలో ఉంటాయి. ఇన్వర్టర్‌లోని మాస్‌ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ 7.8 కేవీఏ కరెంటును భరించాలి, బ్యాటరీ మాత్రం 4,700 వాట్లను, వాటి పైన ఇన్వర్టర్ నష్టాలను ఇస్తే చాలు. ఇన్వర్టర్‌ను వీఏతో, బ్యాటరీని వాట్లతో కొలవాలన్న ఈ తేడా తెలియక కొందరు అవసరానికి మించిన బ్యాటరీ కొంటారు, మరికొందరు చాలని ఇన్వర్టర్ కొంటారు. అర హెచ్‌పీ మోటారుకు ఈ అంకెలన్నీ సగం చేసుకోవచ్చు.

అంచనాల కన్నా కొలత మేలు. సర్జ్‌ను పట్టుకునే ఇన్‌రష్ బటన్ ఉన్న క్లాంప్ మీటరును ఎలక్ట్రీషియన్ చేత తెప్పించి, మెయిన్ కరెంటు ఉన్నప్పుడే మోటారు ఫేజ్ వైరుకు తగిలించి స్విచ్ వేస్తే అసలు అంకె తెరమీద నిలిచిపోతుంది. మామూలు క్లాంప్ మీటర్లు ఏసీని మాత్రమే చూస్తాయి, బ్యాటరీ వైరు మీద పెడితే ఏమీ చెప్పవు. ఆ వైపు కొలవాలంటే డీసీ గుర్తు కూడా ఉన్న మీటరు కావాలి. స్టార్టర్ పెట్టెలోని కెపాసిటర్ బలహీనపడితే మోటారు తిరగడానికి మొండికేసి సర్జ్ సమయం సాగుతుంది గనుక, కొలిచే ముందు దానిని ఒకసారి చూపించడం మంచిది.

12, 24, 48: ఏది ఎవరికి

లెక్క చాలా సులువు. సర్జ్ వాట్లను 0.85తో భాగిస్తే ఇన్వర్టర్ నష్టం కలిసినట్లే, వచ్చిన దానిని బ్యాటరీ తక్కువ వోల్టేజితో భాగించాలి. 12.8, 25.6, 51.2 అన్నవి నామమాత్రపు వోల్టేజీలు. ఛార్జ్ తగ్గి, పైన భారం పడినప్పుడు అవి 12, 24, 48 దగ్గరకు దిగివస్తాయి, పరీక్ష ఎదురయ్యేది అప్పుడే.

12 వోల్టుల వ్యవస్థలో మన ఇంటి 500 వాట్ల మామూలు భారం 49 ఆంపియర్లు. మిక్సీ కలిస్తే 93. ఫ్రిజ్ కూడా అందుకుంటే 178. బాబాయి గారి బ్యాటరీలో నిరంతర హద్దు 100, పీక్ హద్దు 150. ఆ మధ్యాహ్నం జరిగినదంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఇన్వర్టర్ తన ఓవర్‌లోడ్‌ను సెకన్ల పాటు సహించేలా తయారైంది, బీఎంఎస్ మిల్లీసెకన్లలో తెగ్గొట్టేలా తయారైంది, ఇన్వర్టర్ నోరు తెరిచేలోపు బ్యాటరీ మూసుకుంది. అందువల్ల 12 వోల్టుల లిథియం వ్యవస్థ ఫ్యాన్లు, లైట్లు, టీవీ, వైఫై, ఫ్రిజ్ మాత్రమే ఉన్న ఇంటికి సరిపోతుంది, అందులో మిక్సీ, గ్రైండర్ ప్లగ్గులను ఇన్వర్టర్ లైను నుంచి తప్పించాలి. మిక్సీ కూడా కావాలనుకుంటే 150 ఆంపియర్ల నిరంతర హద్దు, 250కి మించిన పీక్ ఉన్న బీఎంఎస్ వెతకాలి. అవి దొరుకుతాయి, కానీ అప్పటికి వైర్ల సమస్య ముందుకు వస్తుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ రానూపోనూ 4 మీటర్లు ఉంటే దాని నిరోధం 2 మిల్లీఓమ్‌లు, 178 ఆంపియర్ల వద్ద 0.36 వోల్టు అక్కడే పోతుంది. 12లో అది 3 శాతం. కేబుల్ చివర ఉండే లోహపు లగ్గు సరిగ్గా క్రింప్ కాకపోతే ఇంకొంత పోతుంది, అప్పుడు బ్యాటరీ బాగానే ఉన్నా లో బ్యాటరీ అంటూ ఇన్వర్టర్ ఆగవచ్చు.

24 వోల్టులకు వెళితే పై అంకెలన్నీ సగమవుతాయి. మిక్సీతో పాటు ఫ్రిజ్ అందుకున్న ఆ దుర్ముహూర్తం కూడా 89 ఆంపియర్లే, అంటే 25.6 వోల్టుల 100 ఏహెచ్, 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న బ్యాటరీ తన నిరంతర హద్దు లోపలే పని ముగిస్తుంది. నీళ్ల మోటారు ఇన్వర్టర్ మీద లేని ఇళ్లకు, అపార్టుమెంటు ఫ్లాట్లకు నేను మొదట సూచించేది ఇదే. మామూలు 500 వాట్ల భారానికి అర హెచ్‌పీ మోటారు కలిస్తే సర్జ్ 140 ఆంపియర్లకు పోతుంది. పాతిక శాతం మార్జిన్‌తో చూస్తే 175 అయింది. 200 ఆంపియర్లు కనీసం 3 సెకన్లు ఇస్తానని బ్యాటరీ వారు రాసి ఇస్తే నడుస్తుంది, లేకపోతే ఇక్కడితో ఆగాలి.

48 వోల్టుల వ్యవస్థలో అదే అర హెచ్‌పీ మోటారు స్టార్టింగ్ 70 ఆంపియర్లు. ఒక హెచ్‌పీ అయితే 127, మార్జిన్ కలిపితే 160. మొదటిదానికి 51.2 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒకటి నిశ్చింతగా సరిపోతుంది. రెండవదానికి పీక్ హద్దు బాగా ఉన్నది ఒకటి, లేదా 100 ఆంపియర్లవి రెండు కావాలి. ఒక హెచ్‌పీని 24 వోల్టుల మీద నడపాలంటే 255 ఆంపియర్లు, 12 మీద అయితే 510. ఆ పని చేయించమని అడిగే వారిని నేను వారిస్తాను. 48లో ఇన్వర్టర్ ఖరీదు ఎక్కువే, కానీ కేబుళ్లు, లగ్గులు, ఫ్యూజు అన్నీ సన్నబడతాయి, రేపు కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టాలనుకుంటే మళ్లీ మొదటికి రావలసిన పని ఉండదు.

ఏహెచ్ మోసం

మోసం అనడం కొంచెం ఘాటైన మాటే, అబద్ధం ఎవరూ చెప్పడం లేదు. కానీ 51.2 వోల్టుల 280 ఏహెచ్ బ్యాటరీ, అంటే 14 కిలోవాట్ అవర్లకు పైగా నిల్వ ఉన్నది, 100 ఆంపియర్ల బీఎంఎస్‌తో వస్తే అది నిరంతరంగా ఇవ్వగలిగేది ఏసీ వైపు నాలుగు కిలోవాట్లే. దానిలో మూడో వంతు నిల్వ ఉండి 200 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న 100 ఏహెచ్ బ్యాటరీ, సెల్స్ 2సీ రేటుకు, అంటే ఏహెచ్ అంకెకు రెట్టింపు ఆంపియర్లు ఇచ్చేలా, తయారైనవైతే, ఎనిమిది కిలోవాట్లు ఇస్తుంది. పెద్ద ట్యాంకుకు అరంగుళం పైపు బిగించినట్లు అన్నమాట. ఎంతసేపు నడవాలన్నది ఏహెచ్ చెబుతుంది, ఏం నడవాలన్నది బీఎంఎస్ చెబుతుంది. రాత్రంతా ఫ్యాన్లు తిరిగితే చాలనుకునే వారికి మొదటిది మేలు. పొద్దున్నే పది నిమిషాలు మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలనుకునే వారికి రెండవది.

రెండు బ్యాటరీలను పారలల్‌లో కలిపితే 100, 100 కలిసి 200 అవుతుందని కాగితం మీద అనిపిస్తుంది. కానీ సర్జ్ సమానంగా పంచుకోబడాలంటే రెండింటి నిరోధం, వాటి కేబుళ్ల పొడవు సమానంగా ఉండాలి. 12 వోల్టుల బ్యాటరీల మొత్తం నిరోధమే కొన్ని మిల్లీఓమ్‌లు గనుక ఒకదాని కేబుల్ అర మీటరు ఎక్కువున్నా పంపకం చెడుతుంది, దగ్గరున్నది ఎక్కువ మోసి ముందు ట్రిప్ అవుతుంది, ఆ వెంటనే భారమంతా రెండవదాని మీద పడి అదీ ట్రిప్ అవుతుంది. రెంటినీ ఒకే బస్‌బార్‌కు (మందపాటి లోహపు పట్టీకి), ఒకే కొలత కేబుళ్లతో కలిపి, అప్పుడు కూడా మొత్తంలో 80 శాతాన్నే నమ్ముకోవాలి. కొత్తదానిని పాతదానితో కలపకపోవడం ఉత్తమం. నాలుగు 12.8 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో పెట్టి 48 చేసుకోవాలన్న ఆలోచన నాకు అంతగా నచ్చదు. వాటిలో ఒకదాని బీఎంఎస్ తెగితే మొత్తం వోల్టేజి దాని మాస్‌ఫెట్ల మీద పడుతుంది, దానికి అవి తయారై ఉన్నాయో లేదో డేటాషీటులో స్పష్టంగా ఉంటేనే ఆ పని చేయాలి. ఒకే పెట్టెలో 16 సెల్స్ ఉన్న 51.2 వోల్టుల బ్యాటరీ అంతకన్నా నిశ్చింత.

ఇన్వర్టర్ వైపు ఏం చూడాలి

ఇనుము, రాగి నిండిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లో ఫ్రీక్వెన్సీ ఇన్వర్టర్లు సర్జ్‌ను ఎక్కువసేపు, పెద్దగా చలించకుండా మోస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ కరెంటు తినడం వాటి లోపం. తేలికైన హై ఫ్రీక్వెన్సీ ఇన్వర్టర్లు డేటాషీటులో రెట్టింపు సర్జ్ అని రాసినా ఆ వ్యవధి కొద్ది సెకన్లే, చవక రకాల్లో ఇంకా తక్కువ. నీళ్ల మోటారు నడపవలసిన ఇంటికి నేను మొదటి రకాన్నే ఎంచుకుంటాను, మిగతా ఇళ్లకు రెండవది చాలు. మొదటి రకానికి ఉదాహరణగా విక్ట్రాన్ కంపెనీ మల్టీప్లస్-2లోని 48 వోల్టుల 5,000 వీఏ నమూనాను చూడవచ్చు. పేరులో 5,000 ఉన్నా నిరంతరంగా ఇచ్చేది 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 4,000 వాట్లు, 40 డిగ్రీల వద్ద 3,700 వాట్లు, పీక్ మాత్రం 9,000 వాట్లు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో మెట్ల కింద గాలాడని గూట్లో పెట్టిన ఇన్వర్టర్‌కు ఈ 3,700 కూడా అత్యాశే అవుతుంది.

ఆ 9,000 వాట్ల పీక్‌ను 48 వోల్టుల మీద పూర్తిగా లాగితే బ్యాటరీ నుంచి 220 ఆంపియర్లు పోతాయి. 100 ఆంపియర్ల బ్యాటరీ ఒకటి పెట్టి, మా ఇంటి లోడు అంత లేదులే అనుకోవచ్చు. లెక్క ప్రకారం అది నిజమే కావచ్చు. అయినా ఇన్వర్టర్ లాగగలిగినంతా ఇవ్వగలిగే బ్యాటరీని పెట్టడం వైపే నేను మొగ్గుతాను, దానికి కారణం ఉంది. ఏదైనా ఒక రోజు హద్దు దాటినప్పుడు ముందుగా ఆగవలసింది ఇన్వర్టర్, దాని తరువాత బీఎంఎస్, అన్నిటికన్నా చివర ఫ్యూజు. ఇన్వర్టర్ ఓవర్‌లోడ్‌తో ఆగితే బీప్ కొడుతుంది, కారణం చెబుతుంది, లోడు తీసేస్తే మళ్లీ మొదలవుతుంది. బీఎంఎస్ ఆగితే టెర్మినల్ దగ్గర వోల్టేజి మాయమవుతుంది. కొన్ని రకాలు నిమిషం తరువాత తమంతట తామే తెరుచుకుంటాయి, కొన్నింటికి ఛార్జర్ చూపించాలి, అయితే కొన్ని ఇన్వర్టర్లు బ్యాటరీ వోల్టేజి కనిపించనిదే ఛార్జింగ్ మొదలుపెట్టవు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. సోలార్ ఛార్జింగ్ జరుగుతుండగా బీఎంఎస్ తెగితే, దారి మూసుకుపోయిన ఆ కరెంటు డీసీ వైపు వోల్టేజిని ఎగదోసి ఇన్వర్టర్‌ను పాడుచేసే అవకాశం కూడా ఉంది. కొనే ముందు దుకాణంలో ట్రిప్ అయ్యాక ఎలా తిరిగి లేస్తుందని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి అమ్మేవారికి సరుకు తెలుసో లేదో కూడా తెలిసిపోతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణాన్ని కూడా లెక్కలో ఉంచుకోవాలి. ఆ కొద్ది మిల్లీసెకన్ల ఖాళీలో వేగం తగ్గిన ఫ్రిజ్ కంప్రెసర్, ఫ్యాన్లు, నడుస్తున్న మోటారు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఫ్రిజ్ ఆగి వెంటనే మళ్లీ మొదలైతే లోపలి గ్యాసు పీడనం సర్దుకోక కంప్రెసర్ పెనుగులాడుతుంది, సర్జ్ సాగుతుంది. వేగంగా మారే యూపీఎస్ మోడ్ ఇక్కడ కొంత మేలు చేస్తుంది.

బ్యాటరీని పెంచే బదులు సర్జ్‌ను తగ్గించే దారిని కూడా ఇదే తక్కెడలో వేసి చూడాలి. సబ్‌మెర్సిబుల్ పంపుకు సాఫ్ట్ స్టార్టర్ పెడితే స్టార్టింగ్ కరెంటు గణనీయంగా తగ్గుతుంది. పంపు భారం వేగంతో పాటు పెరిగేదే గనుక మొదట్లో బలం తగ్గినా తిరుగుతుంది. కెపాసిటర్ మోటారుకు మామూలు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) పనికిరాదు, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవుతో పాటు మోటారును కూడా త్రీ ఫేజ్‌కు మార్చాలి. కాలం చెల్లిన మోటారును ఎలాగూ మార్చవలసి ఉంటే రెండవ బ్యాటరీ కొనడం కన్నా ఇదే లాభం. అమెరికాలో సొంత ఇళ్లున్న మనవారికి ఒక సౌకర్యం ఉంది: అక్కడి సెంట్రల్ ఏసీ కంప్రెసర్ పట్టీ మీద ఎల్‌ఆర్‌ఏ అని స్టార్టింగ్ ఆంపియర్లు అచ్చువేసి ఉంటాయి, కొలవకుండానే లెక్క మొదలుపెట్టవచ్చు. చలి ప్రాంతాల వారు మాత్రం సున్నా డిగ్రీల కింద ఈ సెల్స్‌ను ఛార్జ్ చేయకూడదని, చలికి అంతర్గత నిరోధం పెరిగి సర్జ్‌లో వోల్టేజి ఎక్కువ కుంగుతుందని గుర్తుంచుకోవాలి.

బిగించే రోజు

మొదటిసారి కలిపేటప్పుడు ఒక సర్జ్ వస్తుంది, దానికి ఏ మోటారూ అక్కరలేదు. ఖాళీగా ఉన్న ఇన్వర్టర్ కెపాసిటర్లు బ్యాటరీ కంటికి అచ్చం షార్ట్ సర్క్యూట్‌లా కనిపిస్తాయి. లగ్గు టెర్మినల్‌కు తగిలీ తగలకముందే టప్‌మని నీలిరంగు మెరుపు, కాలిన రాగి వాసన, లగ్గు అంచున ఆవగింజంత నల్లని గుంట; బీఎంఎస్ మూడవ గడప దాటిందనుకుని మూసుకుంటుంది, కొత్త బ్యాటరీ డెడ్ అని ఫోన్లు మొదలవుతాయి. 48 వోల్టుల వ్యవస్థలో 33 ఓమ్‌ల, తగిన వాటేజి ఉన్న రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు మధ్యలో పట్టుకుంటే ఒకటిన్నర ఆంపియరుతో కెపాసిటర్లు నెమ్మదిగా నిండుతాయి, ఆ తరువాత నేరుగా కలిపితే చప్పుడే ఉండదు. కొన్ని మంచి బ్యాటరీలలో ఈ ప్రీఛార్జ్ ఏర్పాటు లోపలే ఉంటుంది.

ఇన్వర్టర్ సెట్టింగులో ట్యూబులర్ తీసి లిథియం ఎంచుకోవాలి, లో బ్యాటరీ కటాఫ్‌కు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే వీలుంటే పెట్టాలి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. లిథియం షార్ట్ కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది గనుక 48 వోల్టుల చోట క్లాస్ టీ రకం ఫ్యూజు ఖర్చుకు వెనుకాడకూడదు. పరీక్షను నిండిన బ్యాటరీతో చేసి మురిసిపోవడం అందరూ చేసే పొరపాటు. ఛార్జ్ 25 శాతానికి దిగనిచ్చి, మెయిన్ ఆపి, మామూలు లోడంతా వేసి, అప్పుడు అన్నిటికన్నా పెద్ద మోటారును స్టార్ట్ చేసి చూడాలి. పది నిమిషాల తరువాత అన్నీ ఆపి లగ్గులను చేత్తో తాకి చూస్తే, వేడిగా ఉన్నదే వదులుగా ఉన్నది.

బాబాయి గారు చివరికి 24 వోల్టుల ఇన్వర్టరు, 25.6 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ తీసుకున్నారు, ఒక హెచ్‌పీ సంపు మోటారును మెయిన్ సరఫరాకే వదిలేశారు. బిగించిన సాయంత్రం పిన్ని చేత మిక్సీ వేయించి, ఫ్రిజ్ అందుకునేదాకా డీసీ క్లాంప్ పట్టుకుని నిలబడ్డాను. తెరమీద నిలిచిన అంకె 86. పాత ఇన్వర్టర్, ఆ 12.8 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు పక్క వాటాలో అద్దెకున్నవారి ఫ్యాన్లను, లైట్లను నడుపుతున్నాయి, ఆ లైనులో మిక్సీ ప్లగ్గు లేదు.